పదహారు మీద ముక్క తీసుకున్నవాళ్లను తిట్టకండి

బ్లాక్‌జాక్ అంటే క్యాసినో పేకాట, ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్ (క్యాసినో తరఫున ముక్కలు పంచి మనతో ఆడేవాడు) కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. ఆ టేబుల్ దగ్గర నాకు ఒళ్లు మండే మాట ఒకటుంది. "నువ్వు ఆ ముక్క తీసుకోకుండా ఉంటే డీలర్ పోయేవాడు, అందరం గెలిచేవాళ్లం." లాస్ వేగస్‌లో ఏ టేబుల్ దగ్గర కాసేపు నిలబడినా ఈ మాట వినపడుతుంది. కాలిఫోర్నియా నుంచి లాంగ్ వీకెండ్‌కి కార్లేసుకుని వచ్చే మన తెలుగువాళ్లూ ఇదే అంటారు. చివరి కుర్చీలో, అంటే డీలర్‌కి సరిగ్గా ముందు ఆడే చోట ఉన్న కొత్త కుర్రాడు పదహారు మీద హిట్ (ఇంకో ముక్క ఇవ్వు) అన్నాడో లేదో, "మామా, పదహారు మీద ఎవడైనా తీసుకుంటాడా?" అని పక్కవాడు అందుకుంటాడు. అప్పుడు డీలర్ ముందు తెరిచి ఉన్న ముక్క ఏడు, ఇంకోటి మూసి ఉంటుంది. అక్కడ ముక్క తీసుకోవడమే సరైన ఆట. కుర్రాడు సరిగ్గానే ఆడాడు, తిట్టినవాడికే ఆట తెలియదు. కానీ ఆ మాట పడ్డాక ఆ కుర్రాడు మిగతా సాయంత్రమంతా భయపడుతూ తప్పుగా ఆడతాడు. నా కోపమంతా దానికే.

ముందు ఆ నింద సంగతి తేల్చేద్దాం. అతను తీసుకున్న ముక్క ఏమిటో తీసుకునే ముందు ఎవరికీ తెలియదు. దాని వెనకున్న ముక్క కూడా తెలియదు. ఈ రెండిట్లో ఏది పది అయ్యే అవకాశమైనా సమానమే. కాబట్టి అతని వల్ల డీలర్ బతికే అవకాశం ఎంతో, మునిగే అవకాశమూ అంతే. డీలర్ మునిగినప్పుడు "నీ పుణ్యమా అని గెలిచాం" అని అతనికి ఎవరూ చెప్పరు. ఓడినప్పుడు మాత్రం అందరికీ అతని మొహమే కనిపిస్తుంది.

అసలు జబ్బు వేరే ఉంది. అది బస్ట్ భయం. ఇరవై ఒకటి దాటితే మన డబ్బు అక్కడికక్కడే పోతుంది. ఆ తర్వాత డీలర్ కూడా దాటినా మన డబ్బు వెనక్కి రాదు. క్యాసినోకి ఉన్న లాభమంతా ఇందులోనే ఉంది, మనం ముందు ఆడాలి, వాళ్లు తర్వాత ఆడతారు. అందుకే మన చేత్తో మనం పోగొట్టుకోవడం కంటే ఆగిపోయి డీలర్ చేతిలో ఓడటం నయమని మనసుకు అనిపిస్తుంది. లెక్క ఆ మాట ఒప్పుకోదు.

మన దగ్గర పదహారు, డీలర్ ముందు ఏడు ఉన్నాయనుకోండి. ఆగితే మనం గెలిచే దారి ఒక్కటే, డీలర్ బస్ట్ అవ్వాలి. ఏడు మీద అతను బస్ట్ అయ్యేది 100కి దాదాపు 26 సార్లు. మిగతా 74 సార్లు మనదే ఓటమి. తీసుకుంటే మనం అక్కడికక్కడే పోయే అవకాశం 62 శాతం దాకా ఉంది. చూడ్డానికి ఘోరమైన అంకె, నిజమే. కానీ బతికిన సార్లు మన చేతిలో 17 నుంచి 21 దాకా ఏదో ఒకటి ఉంటుంది, దాంతో గెలవొచ్చు, సమం కూడా కావొచ్చు. అన్నీ కలిపి చూస్తే 100 పందేలకు ఆగినవాడికి సుమారు 48 పందేల నష్టం, తీసుకున్నవాడికి 41. రెండూ నష్టాలే. ఏడు పందేలు మిగుల్చుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. పదహారు ఎలాగూ పాడు చెయ్యి, దాన్ని మంచి చెయ్యిగా మార్చే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

అదే డీలర్ ముందు 2 నుంచి 6 దాకా ఏదైనా ఉంటే కథ తిరగబడుతుంది. అతనికి పదిహేడు వచ్చేదాకా ఆగే హక్కు లేదు. కట్టలో పది విలువైన ముక్కలు 52లో 16 ఉన్నాయి, పదులు, జాకీలు, రాణులు, రాజులు కలిపి. 6 కింద పది ఉంటే అతనిది పదహారు, అయినా తీసుకుని తీరాలి. 5, 6 మీద డీలర్ 100కి 42 సార్ల దాకా బస్ట్ అవుతాడు. అందుకే డీలర్‌కి 2 నుంచి 6 దాకా ఏది కనిపించినా, మన దగ్గర 13 నుంచి 16 దాకా ఏదున్నా ఆగాలి. డీలర్‌కి 7 గానీ అంతకంటే పెద్దది గానీ కనిపిస్తే తీసుకోవాలి. పన్నెండు దగ్గర చిన్న తేడా ఉంది. డీలర్‌కి 4, 5, 6 ఉంటేనే ఆగాలి, 2, 3 ఉంటే తీసుకోవాలి, ఎందుకంటే పన్నెండు మీద మనల్ని ముంచేవి పదులొక్కటే, అంటే 13లో నాలుగు. ఇది ఎంత చెప్పినా చాలామంది నమ్మరు.

పదహారుకి ఎదురుగా పది ఉన్నప్పుడు మాత్రం రెండు దారులూ దాదాపు సమానం, తీసుకోవడం వెంట్రుకవాసి మేలు. టేబుల్ దగ్గర అందరూ కొట్టుకునేది దీనికోసమే కావడం విచిత్రం.

ఈ లెక్కలు నిన్న మొన్న ఎవరో యూట్యూబ్‌లో చెప్పినవి కావు. 1956లో మేరీల్యాండ్‌లోని అబర్డీన్‌లో అమెరికన్ ఆర్మీలో పనిచేస్తున్న నలుగురు, రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డెర్మాట్, టేబుల్ మీద పెట్టుకునే కాలిక్యులేటర్లతో ఒక్కో చెయ్యీ లెక్కగట్టి అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చువేశారు. తర్వాత ఎంఐటీలో ఎడ్వర్డ్ థార్ప్ ఐబీఎం 704 కంప్యూటర్ మీద అదే పని ఇంకా లోతుగా చేశాడు. అంత కష్టపడి తీసిన జవాబు ఈరోజు జేబులో పట్టే కార్డు మీద ఉంది. వేగస్‌లో క్యాసినో గిఫ్ట్ షాపుల్లోనే ఆ కార్డు అమ్ముతారు, టేబుల్ దగ్గర చూసుకుంటూ ఆడినా ఏమీ అనరు. అయినా మనవాళ్లకు అది తీయాలంటే నామోషీ.

నామోషీకి ఎంత ఖర్చవుతుందో చూడండి. 10 డాలర్ల పందెం, గంటకు 60 ఆటలు అనుకుంటే గంటలో టేబుల్ మీద తిరిగేది 600 డాలర్లు. కార్డు ప్రకారం ఆడితే, మంచి రూల్స్ ఉన్న టేబుల్ మీద క్యాసినో వాటా అర శాతం, అంటే సగటున 3 డాలర్లు. బస్ట్ భయంతో పన్నెండు మీద కూడా ఎప్పుడూ తీసుకోనివాడికి నష్టం 4 శాతం దగ్గర, గంటకు 24 డాలర్లు. డీలర్‌లాగే పదిహేడు దాకా తీసుకుంటూ పోయేవాడికి ఐదున్నర శాతం, 33 డాలర్లు. ఇందులో గెలిచే దారి ఒక్కటీ లేదని నాకు తెలుసు, మీరూ తెలుసుకునే కూర్చోండి. (ఇది నేర్చుకుని ఫోన్‌లో డబ్బు పెట్టే తమ్ముళ్లకు ఒక మాట. ఆన్‌లైన్‌లో డబ్బుకి ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి నిషేధం. దాని జోలికి పోకండి.)

ఆసుని 11గా గానీ, 21 దాటేలా ఉంటే 1గా గానీ లెక్కేస్తారు. అది చేతిలో ఉన్నప్పుడు చేసే తప్పులు చూస్తే ఇంకా బాధేస్తుంది. ఆసు, ఆరు వస్తే "పదిహేడు కదా, చాలు" అని ఆగిపోతారు. అక్కడ ఒక ముక్క తీసుకుంటే బస్ట్ అయ్యే ప్రసక్తే లేదు, పది వచ్చినా మళ్లీ పదిహేడే. ఆసు, ఏడు ఉండి డీలర్‌కి 9, 10 గానీ ఆసు గానీ కనిపిస్తే పద్దెనిమిది మీద కూడా తీసుకోవాలి. భయపడాల్సిన అవసరమే లేని చోట భయపడటం ఇది.

ఇక డీలర్‌కి ఆసు పడగానే అడిగే ఇన్సూరెన్స్. పేరు చూసి పాలసీ అనుకోవద్దు, అది వేరే పందెం. కింద పది ఉంటే రెండింతలు ఇస్తారు, కానీ పది ఉండే అవకాశం 13లో నాలుగే. పెట్టిన ప్రతి 100కి దాదాపు 8 పోతాయి. మీ దగ్గర ఇరవై ఉన్నా వద్దనండి.

ఇంతా నేర్చుకుని 6:5 టేబుల్ మీద కూర్చుంటే మాత్రం నేర్చుకున్నదంతా దండగే. పాత లెక్కలో బ్లాక్‌జాక్‌కి (మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువైన ముక్క కావడం) 10 డాలర్ల మీద 15 ఇచ్చేవారు, అక్కడ 12 ఇస్తారు. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకు ఒకసారి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ 3 డాలర్లు తక్కువ. దాంతో అర శాతం కాస్తా రెండు శాతం దగ్గరికి చేరుతుంది. ఇప్పుడు వేగస్ స్ట్రిప్‌లో తక్కువ పందెం టేబుళ్లు చాలావరకు ఇవే. ఎంత ఇస్తారో పచ్చ గుడ్డ మీదో, పక్కనున్న బోర్డు మీదో రాసే ఉంటుంది, చిప్స్ కొనకముందే చదవండి.