మోకాళ్ల నొప్పి వయా ఆమ్‌స్టర్‌డామ్

కైలాసగిరి మెట్లెక్కి దిగిన మర్నాడు కంప్యూటర్లో 'మోకాలి నొప్పి' అని వెతికాను. ఒక్కసారే. ఆ తర్వాత నెలరోజులపాటు పేపరు చదవబోయినా, పంచాంగం చూడబోయినా, పేజీ పక్కన ఒక మోకాలు ప్రత్యక్షం. నూనె రాసిన మోకాలు, పట్టీ వేసిన మోకాలు, నొప్పి తగ్గి నాట్యం చేస్తున్న మోకాలు. ఒక గృహస్థు మోకాలు అతని సొంత వ్యవహారం కాకుండా పోయాక చేతులు ముడుచుకుని కూర్చోవడం తగదనిపించింది. గోప్యత కావాలి. గోప్యతకి వీపీఎన్ కావాలి. అంతే, ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాటులో ఫ్యాను కింద, భుజాన తువ్వాలుతో, 40 రోజులు పరిశోధన చేశాను. ఫలితాలు ప్రజాహితం కోరి ఇక్కడ సమర్పిస్తున్నాను.

ముందుగా వీపీఎన్ అంటే ఏమిటో మా ఆవిడకి చెప్పాల్సి వచ్చింది. డబ్బులు ఆవిడ దగ్గరుంటాయి. అరకు రైలుని గుర్తుచేశాను. కిరండూల్ వెళ్లే ఆ లైనులో 50కి పైగా సొరంగాలున్నాయి. రైలు సొరంగంలోకి దూరిందంటే కొండ మీద మేకలు కాసుకునేవాడికి మనం కనబడం. "మన కంప్యూటర్ నుంచి వీపీఎన్ కంపెనీ సర్వర్ దాకా అలాంటి సొరంగం ఒకటి వేస్తారు. నెట్ కనెక్షన్ ఇచ్చినవాడికి సొరంగం ఉందని తెలుస్తుంది గానీ లోపల ఏం పోతోందో తెలీదు" అన్నాను.

"మరి సొరంగంలో ఎదురు సీటువాడికి కనబడతాం కదా?" అంది.

ఆ 40 రోజుల్లో ఇంతకంటే పదునైన ప్రశ్న నాకు ఎక్కడా తగల్లేదు. ఎదురు సీటువాడే వీపీఎన్ కంపెనీ. మనం ఏయే సైట్లకి వెళ్తున్నామో ఇదివరకు నెట్ వాడికి తెలిసేది, ఇకమీదట వీడికి తెలుస్తుంది. అది కూడా సైటు పేరు వరకే. హెచ్‌టీటీపీఎస్, అంటే మనకీ సైటుకీ మధ్య నడిచేది దారిలో ఎవరూ చదవకుండా వేసే తాళం, ఉన్న సైటులో ఏ పేజీ చదివామో, ఏ పాస్‌వర్డ్ కొట్టామో ఇద్దరికీ తెలీదు. ఇవాళా రేపూ పేరున్న సైట్లన్నిటికీ ఆ ఏర్పాటు ఉంది. అంటే నేను డబ్బు పెట్టి దాచదలచుకున్నదాంట్లో చాలా భాగం ముందే దాగి ఉంది. ఈ ముక్క ఆవిడకి చెప్పలేదు. చెబితే బడ్జెట్ మంజూరు కాదు.

ఇంకో తేడా కూడా ఉంది, దాన్ని ఏ ప్రకటనలోనూ రాయరు. మా నెట్ కుర్రాడు ఇసకతోటలో ఉంటాడు. వాడి నంబరు మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది. నెట్ పోతే ఫోన్ చేసి తిడతాను. వాడు వచ్చి, వైరు పీకి మళ్లీ గుచ్చి, టీ తాగి వెళ్తాడు. పనామాలో ఉన్న కంపెనీ నా గుట్టు బయటపెడితే ఎవరిని తిట్టాలి, ఏ భాషలో తిట్టాలి?

పనామా ఎందుకొచ్చిందంటే, వీపీఎన్ కంపెనీకి ముందుగా ఊరు పేరు అడగాలని ఈ విద్యలో పండితులు చెబుతారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ గూఢచార సమాచారం తమలో తాము పంచుకుంటాయి. వీటికి 'అయిదు కళ్లు' అని పేరు. ఇంకో నాలుగు దేశాలు కలిస్తే తొమ్మిది కళ్లు, మరో అయిదు కలిస్తే పద్నాలుగు. ఆ కళ్లు పడని చోట ఉన్న కంపెనీని ఎంచుకోవాలిట. నార్డ్‌వీపీఎన్ పనామాలో, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో, ప్రోటాన్ స్విట్జర్లాండ్‌లో కాపురం పెట్టింది అందుకే. పద్నాలుగు కళ్లకే అంత భయమా అని నాకు నవ్వొచ్చింది. మా అపార్ట్‌మెంటులో 20 ఫ్లాట్లున్నాయి. నేను చేతిలో సంచీతో లిఫ్టు దిగితే ఏం కూర తేబోతున్నానో అయిదో అంతస్తు దాకా తెలుసు.

స్వదేశంలో సర్వర్ ఉన్న కంపెనీ తీసుకుందామన్న దేశభక్తి కూడా కాసేపు కలిగింది. అయితే 2022 ఏప్రిల్ 28న సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ అమ్మేవాళ్లు కస్టమర్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, అతనికిచ్చిన ఐపీ అడ్రస్ (నెట్‌లో కంప్యూటర్‌కి ఉండే చిరునామా) అన్నీ రాసిపెట్టుకోవాలి. అతను మానేసి వెళ్లిపోయాక కూడా అయిదేళ్లపాటు దాచాలి. అన్నిటికంటే నాకు నచ్చింది, 'ఏ ప్రయోజనం కోసం తీసుకున్నారు' అన్నది కూడా రాయాలి. నా పేరు పక్కన ఆ గడిలో 'మోకాలు' అని రాసి ఉన్నట్టు, ఢిల్లీలో ఎవరో అధికారి దాన్ని రెండుసార్లు చదువుతున్నట్టు ఊహించుకున్నాను. ఇష్టం లేనివాళ్లు దేశం వదిలి వెళ్లొచ్చని అప్పటి ఐటీ సహాయమంత్రి చెప్పారు. పైన చెప్పిన ముగ్గురూ ఆ ఏడాదిలోనే ఇక్కడి సర్వర్లు ఎత్తేశారు. ఇప్పుడు జాబితాలో 'ఇండియా' అని కనబడే సర్వర్ సింగపూర్లోనో లండన్లోనో కూర్చుని ఇండియా చిరునామా చెబుతూ ఉండొచ్చు. మన పిల్లలు కూడా చేస్తున్నది అదే కాబట్టి తప్పు పట్టను.

అసలు చిక్కు 'నో లాగ్స్' దగ్గర వచ్చింది. మీరు ఎక్కడికి వెళ్లారో మేం రాసిపెట్టుకోం అని ప్రతి కంపెనీ ఒట్టు వేస్తుంది. ఒట్లను ఎలా పరీక్షించాలో నాకు తెలీదు గానీ చేపల్ని ఎలా పరీక్షించాలో మా ఆవిడకి తెలుసు. తెల్లారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తాం. "ఇప్పుడే బోటు దిగిందమ్మా, పేనం కూడా పోనేదు" అంటుంది చేపలామె. ఈవిడ ఆ మాట వినదు. కోనాం తలని ఎడమచేత్తో పట్టుకుని, బొటనవేలితో మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందా లేదా చూస్తుంది. కంటి మీద వేలు పెట్టి నొక్కుతుంది. పొట్ట నొక్కి, గుంట పడితే అక్కడే వదిలేసి లేస్తుంది. మరి కంపెనీకి మొప్ప ఎక్కడుంటుంది? 2020లో హాంకాంగ్‌కి చెందిన ఏడు ఉచిత వీపీఎన్‌లు, అన్నీ లాగ్స్ ఉంచం అన్నవే, ఉంచిన లాగ్స్ తాళం లేని సర్వర్‌లో దొరికాయి. మొత్తం 1.2 టెరాబైట్లు. బయటి ఆడిటర్లని పిలిపించి చూపించుకుంటున్నాం అంటాయి పెద్ద కంపెనీలు. మంచిదే. అయితే ఆడిటర్ వచ్చే రోజు ఇల్లు ఎలా ఉంటుందో ఆఫీసులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

పిలవకుండా మొప్ప ఎత్తి చూసిన సంఘటన ఒకటి దొరికింది. స్వీడన్‌లో ముల్వాడ్ అనే కంపెనీ ఉంది. 2023 ఏప్రిల్‌లో దాని ఆఫీసుకి పోలీసులు సోదా వారెంటుతో వెళ్లారు. మా దగ్గర కస్టమర్ల వివరాలే లేవు, ఏం తీసుకెళ్తారు అని వీళ్లు వివరిస్తే ఖాళీ చేతులతో వెళ్లిపోయారని కంపెనీ చెప్పింది. విచిత్రం, స్వీడన్ ఆ పద్నాలుగు కళ్లలో ఒకటి. ఈ కంపెనీ పేరు అడగదు, ఈమెయిల్ అడగదు, ఒక నంబరు ఇస్తుంది, నెలకి 5 యూరోలు తీసుకుంటుంది. నోట్లు కవర్లో పెట్టి పోస్టులో పంపినా పుచ్చుకుంటుంది. కవర్లో పెట్టి ఇస్తే పని జరిగే మన పద్ధతి స్వీడన్ దాకా వెళ్లిందని తెలిసి కాస్త గర్వపడ్డాను.

ఏది మంచిదో చెప్పే సైట్లు కావలసినన్ని ఉన్నాయి. అయితే కేప్ టెక్నాలజీస్ అనే సంస్థ 2021లో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్‌ని 93.6 కోట్ల డాలర్లకి కొంది. అప్పటికే దాని చేతిలో ఇంకో మూడు వీపీఎన్‌లున్నాయి. అదే ఏడాది, వీపీఎన్‌మెంటర్ అనే సమీక్షల సైటు నడిపే కంపెనీని కూడా కొనేసింది. పెళ్లికొడుకు తండ్రే పెళ్లిళ్ల పేరయ్య కూడా అయితే సంబంధం చెడ్డదని నేననను. వాకబు ఇంకోచోట చేస్తాను, అంతే. ఇక ఉచితం సంగతి: ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొని, దాని ఉచిత వీపీఎన్ వాడేవాళ్లు ఫోన్లో ఏ యాప్ ఎంతసేపు చూస్తున్నారో గమనిస్తూ కూర్చుంది. గొడవయ్యాక 2019లో మూసేసింది. ప్రసాదం ఉచితమే, చెప్పులు జాగ్రత్త.

మిగతా లక్షణాలు నాకు త్వరగానే పట్టుబడ్డాయి. సొరంగం తవ్వే పద్ధతుల్లో వైర్‌గార్డ్ అనేది ఉండాలి. కోడ్ దాదాపు 4,000 లైన్లే కాబట్టి లోపాలు వెతకడం తేలిక, 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోనే చోటిచ్చారు. 1990ల నాటి పాత పద్ధతి పీపీటీపీని ఇంకా చూపిస్తే ఆ గడప తొక్కకూడదు. కిల్ స్విచ్ ఉండాలి, అంటే సొరంగం కూలిన మరుక్షణం నెట్ మొత్తం ఆగిపోవాలి, ఒక్క ముక్క కూడా బయటికి జారకూడదు. వాన చినుకు పడగానే నెట్ ఆగిపోయే సదుపాయం మా వీధిలో ఎప్పటినుంచో ఉచితంగా ఉంది.

చివరికి ఒకటి కొన్నాను. పేరు చెప్పను. 80 శాతానికి పైగా తగ్గింపు, ఇంకా 14 నిమిషాలే అని ఎర్ర అంకెలు పరిగెడుతుంటే టెన్షన్ తట్టుకోలేక రెండేళ్ల ప్లాను కట్టేశాను. మర్నాడు చూస్తే మళ్లీ 14 నిమిషాలే ఉన్నాయి. జగదాంబ సెంటర్లో ఆషాఢం సేల్ అయినా శ్రావణానికి ఆగుతుంది.

సర్వర్ దగ్గర్లో ఉంటే స్పీడ్ బాగుంటుంది, సింగపూర్ పెట్టుకో బావా అని బెంగళూరులో ఉన్న మా బావమరిది చెప్పాడు. డబ్బులు పెట్టి సింగపూర్ దాకానేనా వెళ్లడం? ఆమ్‌స్టర్‌డామ్ ఎంచుకున్నాను, ఇక సైట్ల లెక్కలో నేను అక్కడివాణ్ణి. (గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో మా ఊళ్లో డేటా సెంటర్ పెడతానని 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. లోకం డేటా విశాఖ వస్తోంది, నాది ఊరు దాటుతోంది.) బటన్ నొక్కాను, తాళంచెవి గుర్తు వెలిగింది. పేపరు తెరిచాను. పక్కన మోకాలు. కాకపోతే కింద రాసింది డచ్ భాషలో ఉంది.

తర్వాత విచారిస్తే తేలిందేమంటే, ఆ మోకాలి ప్రకటన నా ఐపీ అడ్రస్ చూసి వచ్చింది కాదు. బ్రౌజర్లో పేరుకున్న కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి వదిలిపెట్టే చీటీలు), నేను లాగిన్ అయి ఉన్న నా ఖాతా చూసి వచ్చింది. ముసుగు వేసుకుని, మెడలో ఐడీ కార్డు వేలాడదీసుకుని తిరిగానన్నమాట. పైగా ఒకే ఐపీ అడ్రస్ వందలమంది వాడుతుంటారు కాబట్టి ప్రతి సైటూ నన్ను రోబోనని అనుమానించింది. ట్రాఫిక్ సిగ్నళ్లున్న గడులు నొక్కమంది. సిరిపురం జంక్షన్లో కూడా నేను అన్ని సిగ్నళ్లు అంత శ్రద్ధగా చూడలేదు.

మంగళవారం రాత్రి ఆ సొరంగంలోంచే కరెంటు బిల్లు కట్టబోతే బ్యాంకు వాళ్లు నా నెట్ బ్యాంకింగ్ ఆపేశారు. బుధవారం బ్రాంచికి వెళ్లాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి స్క్రీన్ చూసి, అద్దంలోంచి వినబడదేమోనని గొంతు పెంచింది.

"సార్, నిన్న రాత్రి తొమ్మిదింటికి మీరు నెదర్లాండ్స్‌లో ఉన్నారా?"

"లేదమ్మా. ఇంట్లోనే ఉన్నాను."

"ఆమ్‌స్టర్‌డామ్ అని చూపిస్తోంది సార్."

వెనక లైనులో పాస్‌బుక్ పట్టుకున్న పెద్దాయన ముందుకి వంగి, "అబ్బాయి అక్కడున్నాడాండీ, అమ్మాయా?" అన్నారు. ఫారం ఇచ్చారు. పేరు, చిరునామా, ఫోన్, పాన్, ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు. చివర్న 'కారణం' అని ఒక గీత. 'గోప్యత కోసం వీపీఎన్ వాడాను' అని రాశాను. ఆ అమ్మాయి సరిచూసుకోవడానికి దాన్ని బయటికే చదివింది.

వారం తిరక్కుండా స్పీడ్ పడిపోయిందని నెట్ కుర్రాణ్ణి పిలిచాను. వాడు వైరు పీకలేదు. స్క్రీన్ మూల చూసి, "అదిగోండి, ఆ తాళంచెవి బొమ్మ. అది ఆపేస్తే స్పీడొచ్చేస్తాది సార్" అని, టీ తాగి, అదోలా నవ్వి వెళ్లాడు. ఆ నవ్వు నాకు మర్నాడు గానీ అర్థం కాలేదు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో టెలికాం శాఖ 827 అశ్లీల సైట్లు మూయించింది. మూసిన సైట్లు వీపీఎన్‌తో తెరుచుకుంటాయి కాబట్టి అప్పటినుంచి ఈ దేశంలో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మగవాడు ఇంట్లో వీపీఎన్ పెట్టుకున్నాడంటే మోకాలి కోసం అని ఎవరూ నమ్మరు. సాయంత్రానికి వాచ్‌మన్, "బాబుగారూ, మీరేటో ఫారిన్ లైను ఏయించుకున్నారంట కదా" అన్నాడు. మూడో అంతస్తు ఆడవాళ్లు మా ఆవిణ్ణి జాలిగా పలకరించారు.

ఆదివారం లిఫ్టులో అసోసియేషన్ సెక్రటరీగారు తగిలారు. కారిడార్లో లుంగీతో తిరగరాదని నోటీసు పెట్టించిన మనిషి. తలుపు మూసుకునేదాకా ఆగి, పైన కెమెరా వైపు ఒకసారి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగారు.

"ఇంతకీ ఏది మంచిదండీ?"

40 రోజుల పరిశోధన మూడు అంతస్తుల్లో చెప్పడం కుదరదు. రాత్రి భోజనాలయ్యాక టెర్రస్ మీదికి రమ్మన్నాను. ఒక్కరే రండి అని మరీ మరీ చెప్పాను.

నేను వెళ్లేసరికి వాటర్ ట్యాంకు వెనక, లైటు ఆర్పుకుని, ఏడుగురు కూర్చుని ఉన్నారు.