గోబ్లిన్‌కు నేత్రోన్మీలనం

గుడిలో విగ్రహానికి నేత్రోన్మీలనం చేయాలంటే ముహూర్తం ఉంటుంది, మంత్రం ఉంటుంది, బంగారు సూది ఉంటుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట బల్ల మీద నిలబడే ప్లాస్టిక్ గోబ్లిన్‌కు, అంటే వేలెడంత కూడా లేని పిల్ల రాక్షసుడి బొమ్మకు, కళ్ళు తెరిపించాలంటే మాత్రం ఇవి చాలవట. మూడు సున్నాల (000 నంబరు, అతి సన్నని) బ్రష్షు కావాలి, నెత్తికి తగిలించుకునే భూతద్దం కావాలి, రింగ్ లైటు కావాలి, రెండు గుండెచప్పుళ్ళ మధ్య చెయ్యి కదిపే యోగసిద్ధి కావాలి. పంచాంగం ఒక్కటే ఇంకా అడగడం లేదు.

ఇలాంటి మినీ (ఆట బొమ్మ) పెయింట్ చేసి నలుగురికీ చూపించిన పాపానికి మొదట వినపడే మాట ఒక్కటే: “కళ్ళేవి బ్రో?” తోలు కోటు మీద మూడు ఛాయలు పడ్డాయి. కత్తి అంచు మెరుస్తోంది. బేస్ మీద పీవీఏ జిగురుతో ఇసుక అతికించి, ఆరాక ముదురు గోధుమరంగు పూసి, పైన లేత రంగుతో డ్రైబ్రష్ (రంగు తుడిచేసిన పొడి బ్రష్షుతో రుద్దడం) కొట్టారు. ఇవేవీ ఆ మాట అడిగిన మహానుభావుడికి ఆనవు. ఫొటోను రెండు వేళ్ళతో సాగదీసి, ఇంకా సాగదీసి, గోబ్లిన్ ముక్కు ఫోన్ స్క్రీనంతా నిండాక, అక్కడ కంటిపాప లేదన్న సత్యాన్ని ఆయన కనిపెట్టారు. కొలంబస్‌క్కూడా ఇంత ఆనందం కలిగి ఉండదు.

కాస్త లెక్క చూద్దాం. 28 మి.మీ. స్కేలు అని చెప్పే బొమ్మల్ని చాలామంది తయారీదార్లు అరికాలి నుంచి కంటి దాకా కొలుస్తారు. (అంటే కొలత దగ్గరే కన్ను ఈ బొమ్మల నెత్తికెక్కి కూర్చుంది.) చేతులూ తలా కావాలని కాస్త పెద్దవిగా పోసినా, కన్ను వెడల్పు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అందులో కంటిపాప 0.2 మి.మీ. అనుకోండి. ఆడేవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుంటే బొమ్మకీ వాళ్ళకీ దూరం 70 సెంటీమీటర్లు తక్కువుండదు. ఆరోగ్యమైన మనిషి కన్ను ఆ దూరంలో విడిగా పోల్చుకోగలిగే వివరం కూడా దాదాపు 0.2 మి.మీ.యే. అదీ వెలుతురు బాగుంటే, కళ్ళజోడు నంబరు సరిగ్గా ఉంటే. కనపడీ కనపడని చుక్క కోసం ఈ ధర్మయుద్ధం.

అయినా విధానం చెప్పకుండా తిడితే న్యాయం కాదు. చర్మం రంగు వేయకముందే కళ్ళు వేయాలి. చుట్టుపక్కల చెదిరిన తప్పుల్ని తర్వాత చర్మం కప్పేస్తుంది. ముందు కంటి గుంట మొత్తం ముదురు గోధుమరంగు. దాని మీద తెల్లగుడ్డు. అచ్చ తెలుపు కాదు, ఎముక రంగు. చుట్టూ ముదురు గీత సన్నగా మిగిలి ఉండాలి. కంటిపాప చుక్క కాదు, పై రెప్ప నుంచి కింది రెప్ప దాకా నిలువు గీత. చుక్క పెడితే చుట్టూరా తెలుపు మిగిలి, గోబ్లిన్ మే నెల కరెంటు బిల్లు చూసినవాడిలా గుడ్లు తేలేస్తుంది. కుడిచేతి వాటం వాళ్ళకు ఒక కన్ను సులువుగా అందుతుంది, రెండోదానికి ముక్కు అడ్డం వస్తుంది. అందనిదాన్ని ముందు వేసి, అందేదాన్ని దానికి సరిపెట్టాలి. అందరూ చేసేది తలకిందులు. ఫలితం మెల్లకన్ను. ఆ మెల్ల దిద్దబోతే కుడి కన్ను పెద్దదవుతుంది, దానికి జోడుగా ఎడమది పెంచాలి, పెంచాక కుడిది చిన్నదనిపిస్తుంది. నాలుగు దిద్దుబాట్లయ్యేసరికి రంగు పేరుకుని, అచ్చులో చక్కగా వచ్చిన కనురెప్ప పూడిపోయి, గోబ్లిన్‌కు కళ్ళకలక ఖాయం.

ఇక ఆ మూడు సున్నాల బ్రష్షు. దాని పొట్టలో పట్టే రంగెంత? పాలెట్ నుంచి బొమ్మ దగ్గరికి వచ్చేలోపే యాక్రిలిక్ మొన మీద ఎండిపోతుంది. మన ఎండాకాలంలో ఫ్యాను కింద కూర్చుంటే చెప్పనే అక్కర్లేదు. ఎండిన మొన ఆనిస్తే రంగు దిగదు, నొక్కితే వెంట్రుకలు విచ్చుకుని బుగ్గ మీద మచ్చ పడుతుంది. మొన చెదరని ఒకటో నంబరు సేబుల్ బ్రష్షు ఇదే పనిని హాయిగా చేస్తుంది. పొట్టనిండా రంగుంటుంది గనక మొన తడారదు. మోచేతులు బల్లకు ఆనించి, రెండు మణికట్లూ ఒకదానికొకటి తాకించి పట్టుకుంటే చెయ్యి వణకదు. కానీ సన్నపని అనగానే సన్నబ్రష్షు కొనిపించడం దుకాణాల ధర్మం. దాన్ని ప్రశ్నించకూడదు.

సరే, దిద్దారు. రెండు రాత్రుళ్ళు పోయాయి. ఆదివారం వచ్చింది. ఆట నడిపించే డంజన్ మాస్టర్ గంభీరంగా గోబ్లిన్‌ను తెచ్చి అంగుళం గడిలో నిలబెట్టాడు. “పొదల వెనక నుంచి రెండు కళ్ళు మిమ్మల్నే చూస్తున్నాయి” అన్నాడు, ఆ మాట కోసమే రెండు రాత్రుళ్ళు మేలుకున్నాడు గనక. బల్ల చుట్టూ ఎవరూ వంగి చూడలేదు. బార్బేరియన్ పాత్ర ఆడేవాడు మిర్చి బజ్జీ కొరుకుతున్నాడు. ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచికలు వేశారు, మాంత్రికుడు విజార్డ్‌కు ముందు వచ్చింది. మ్యాజిక్ మిసైల్ మంత్రం అన్నాడు. 2014 నియమాల్లో గోబ్లిన్‌కు హిట్ పాయింట్లు (ఎంత దెబ్బకు చస్తుందో ఆ లెక్క) ఏడు. మొదటి స్థాయి మంత్రానికి బాణాలు మూడు, ఒక్కొక్కదానికి నాలుగు ముఖాల పాచిక మీద ఒకటి అదనం, గురి తప్పే ప్రసక్తే లేదు. మూడు పాచికలూ ఒకట్లే పడితే తప్ప దెబ్బ మొత్తం ఏడుకు తగ్గదు, అలా పడేది 64లో ఒక్కసారి. పడలేదు. గోబ్లిన్ తన వంతు రాకముందే చచ్చింది. ఎవరినీ చూడలేదు, ఎవరిచేతా చూడబడలేదు.

మిగిలిన మూడు గోబ్లిన్ల మీద ఆ విజార్డే రెండో రౌండులో స్లీప్ వేశాడు, పాచికల మొత్తం ఎంతో అన్ని హిట్ పాయింట్ల మేర నిద్రపుచ్చే మంత్రం. ఎనిమిది ముఖాల పాచికలు అయిదు, సగటు ఇరవై రెండున్నర. ఏడేసి హిట్ పాయింట్ల చొప్పున సరిగ్గా మూడు గోబ్లిన్లు పడుకుంటాయి. పడుకోవడమంటే కళ్ళు మూయడం! ఆరు కళ్ళు, ఆరు నిలువు గీతలు, బల్ల మీద బోర్లా. ఇప్పుడు శాస్త్రప్రకారం వాటి మీద చర్మం రంగు పూసి రెప్పలు దించాలా, లేక నిద్రపోయే గోబ్లిన్లను వేరే సెట్టుగా పెయింట్ చేసి పెట్టుకోవాలా? “కళ్ళేవి బ్రో” గారు దీనిమీద భాష్యం రాయాలి.

చచ్చిన గోబ్లిన్‌ను బల్ల మీంచి తీసేది ఎవరు? బజ్జీ చేతుల బార్బేరియన్. తలకాయ పట్టుకునే తీస్తాడు. కళ్ళ మీద రెండు రాత్రుళ్ళు పెట్టిన మనిషికి వార్నిష్ పూయడానికి టైము దొరకలేదు గనక, ముక్కు కొనా కత్తి మొనా రంగు లేచిపోయి అడుగున బూడిదరంగు ప్లాస్టిక్ తేలుతుంది. మాట్ వార్నిష్ సీసాను రెండు నిమిషాలు బాగా ఊపి, ఎందుకంటే మెరుపు చంపే పొడి అడుగుకు దిగి ఉంటుంది, రెండు పలచని పూతలు వేసి ఉంటే ఇది జరిగేది కాదు. వానాకాలంలో విశాఖ, కాకినాడ వైపు స్ప్రే డబ్బా జోలికి పోవద్దు. గాలిలో తేమకు బొమ్మంతా తెల్లగా బూజు పట్టిన రంగు తేలుతుంది. బ్రష్షుతో పూసే వార్నిష్ చాలు. దీని గురించి “బ్రో” ఎప్పుడూ అడగడు. ఫొటోలో వార్నిష్ కనపడదు కదా.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. పన్నెండేళ్ళ పిల్ల తన మొదటి గోబ్లిన్‌ను పట్టుకొచ్చి చూపిస్తుంది. రంగు లావుగా ఉంది, బ్రష్షు గీతలు కనపడుతున్నాయి, బెల్టు రంగు కోటు మీదికి పాకింది. కానీ అచ్చు అతుకు గీతను బ్లేడు వెనకవైపుతో ఓపిగ్గా గీకేసింది, ఎవరూ చెప్పకుండానే. దాన్ని చూసి కూడా “కళ్ళేవి?” అంటాడు పదేళ్ళ అనుభవం ఉన్న పెద్దమనిషి. సిగ్గుండాలి! ఆ పిల్లకు చెప్పాల్సింది రెండు ముక్కలు: రంగులో కాస్త నీళ్ళు కలుపమ్మా, ఒక లావు పూతకు బదులు రెండు పలచని పూతలు వెయ్యి, మొదటిది ఆరాకే రెండోది. అంతే. అది చెప్పడానికి నోరు రాదు. కనపడని చుక్క లేదని ఎత్తిపొడవడానికి మాత్రం వస్తుంది. ఆ పిల్ల ఇంటికెళ్ళి బ్రష్షు కడిగి సొరుగులో పడేస్తే, వచ్చే ఏడాది బల్ల దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటే, అప్పుడు ఎవరి కళ్ళు దిద్దుకుంటారయ్యా మీరు?

ఈ ఆట 1974లో అచ్చయినప్పుడే మినీలు తప్పనిసరి కాదు, ఉంటే చూడటానికి బాగుంటాయి అని రాశారు. ఆటను సృష్టించినవాళ్ళలో ఒకరైన గ్యారీ గైగాక్స్ చవక దుకాణంలో దొరికిన ప్లాస్టిక్ బొమ్మల్ని బల్ల మీద పెట్టి వాటినే రాక్షసుల్ని చేశాడు. రస్ట్ మాన్‌స్టర్, ఔల్‌బేర్ అలా పుట్టినవే. వాటి కంటిపాపల సంగతి ఎవరూ అడిగిన దాఖలా లేదు.

గోబ్లిన్లకు కంటి గుంటలో ముదురు వాష్ (గుంటల్లోకి జారే పలచని రంగు) ఒక్క చుక్క వదలండి, గుంట దాటి బుగ్గ మీదికి కారినదాన్ని తడి బ్రష్షుతో పీల్చేయండి, అరగంట ఆరనివ్వండి. కన్ను ఉన్న చోట నీడ ఉంటుంది, చాలు. ఏడాదిపాటు బల్ల మీద తిరిగే మీ హీరోకు, కన్ను బఠాణీ గింజంత ఉండే డ్రాగన్‌కు దిద్దుకోండి, ఎవరొద్దన్నారు? గోబ్లిన్లను ఆరు చొప్పున వరసలో పెట్టి, లేత ప్రైమర్ (అడుగు పూత) మీద 2019 నుంచి దొరుకుతున్న కాంట్రాస్ట్ తరహా రంగు, అంటే ఒక్క పూతతోనే వెలుగూ నీడా వచ్చే రంగు, ఒక్క పూత కొట్టండి. సగం ఆరినచోట మళ్ళీ బ్రష్షు పెట్టారంటే మరకలు కడతాయి, పెట్టకండి. బేస్ అంచుకు మాత్రం నల్లరంగు చుట్టూ నీటుగా వేయండి. అది వేయనివాణ్ణి ఏమన్నా అనొచ్చు.