ప్లాట్‌ఫారం టికెట్టుతో ఖమ్మం దాకా

బెజవాడలో కాపురముండటంలో ఒక చిక్కు ఉన్నది. మద్రాసు నుంచి ఢిల్లీ పోయే బండి గాని, హౌరా పోయే బండి గాని ఇక్కడ ఆగకుండా పోవడం అరుదు. ఆగిన బండిలో మనకు కావలసినవారు లేకపోవడం మరీ అరుదు. దీనిని చిక్కుగా కాక భాగ్యంగా భావించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన మా పెదనాన్నగారు. నీటిపారుదల శాఖలో గుమాస్తాగిరీ చేసి విరమించిన తరువాత, ఏ బంధువు ఏ బండిలో వెళుతున్నాడన్న కబురు సత్యనారాయణపురంలోని తమ ఇంటికి చేరినా, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ పట్టుకొని ఆయన స్టేషనులో ప్రత్యక్షమయ్యేవారు. మొన్న మాఘమాసంలో ఆయన పోయారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరు ఆయన మాట ఎత్తినా, చివరకు ఖమ్మం ప్రయాణం దగ్గరకే వచ్చి ఆగుతున్నారు.

అది 2007వ సంవత్సరం, రోహిణి కార్తె. పెద్దమ్మ పినతల్లి మనుమరాలు, అంటే వరుసకు మాకు ఆడపడుచు, భర్తతో కలిసి మద్రాసు నుంచి ఢిల్లీ వెళుతున్నది. బోగీ నంబరు ఫోనులో చెప్పారు. మామూలుగా అయితే పెద్దమ్మ చీటీ వ్రాసి ఇవ్వాలి. కాని పెదనాన్నగారికి చీటీ ఇస్తే, దారిలో ఎవరో చిరునామా అడిగారని దాని వెనుక వ్రాసి వారికే ఇచ్చివేసేవారు. గొడుగులు, చెప్పులు, ఒకసారి బ్యాంకులో ఎవరో ఫారం నింపలేక ఇబ్బంది పడుతున్నారని కళ్ళజోడు కూడా ఆయన చేతిమీదుగా ఈ విధంగానే వెళ్ళిపోయాయి. అందుచేత పెద్దమ్మ ఆ రోజు ఆయన ఎదుట నిలబడి, ఆయన అరచేతిలోనే పెన్నుతో నంబరు వేసింది. అరచేతిని ఎవరికీ దానం చేయలేరు కదా అని ఆమె ధైర్యం. ఆమె ఎదురుగా నిలబడి వేసిన తొమ్మిది, ఆయన వైపు నుంచి చూస్తే ఆరు అవుతుందన్న సంగతి మాత్రం ఆ తొందరలో ఎవరికీ తోచలేదు.

రెండు ప్లాట్‌ఫారం టికెట్లు కొని మేము నిలబడ్డాము. క్యారేజీలో పులిహోర, కందా బచ్చలి కూర, ముద్దపప్పు, దద్దోజనం ఉన్నాయి. సంచిలో కొత్త ఆవకాయ, చల్ల మిరపకాయలు, నాలుగు బంగినపల్లి పండ్లు, కోసిన అరిటాకులు. కృష్ణ వంతెన దాటి బండి వచ్చింది. పెదనాన్నగారు అరచెయ్యి చూసుకొని ఎస్-6లో ఎక్కారు. నేను వెనకే ఎక్కాను.

అక్కడ కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి కూర్చుని ఉన్నది. పెదనాన్నగారు మా ఆడపడుచు పెళ్ళికి వెళ్ళారు గాని, మూడు పూటలా వడ్డనల దగ్గరే నిలబడి ఉండటం వలన వధూవరుల ముఖాలు సరిగా చూడలేదు. “మద్రాసు నుంచేనా అమ్మా?” అని అడిగారు. “ఆమా” అన్నది ఆ అమ్మాయి. అరవంలో అది అవునని చెప్పడం. పెదనాన్నగారికి అది “అమ్మా” అని వినిపించి, పిల్ల ఎండకు ఎంత సొమ్మసిల్లిపోయిందో అని కడుపు తరుక్కుపోయింది. వెంటనే ఆకులు పరిచారు. ఆ అబ్బాయి ఇంగ్లీషులో ఏదో చెప్పబోగా, “మొహమాటపడకు నాయనా, ఇది నీ ఇల్లే అనుకో” అన్నారు, రైలుబోగీని చూపించి.

ఇక్కడ ఆయన స్వభావం గురించి ఒక మాట చెప్పక తప్పదు. క్యారేజీ చేతికిచ్చి దిగిపోవడం ఆయన దృష్టిలో మర్యాద కాదు. దగ్గర కూర్చుని, మారు వడ్డించి, మజ్జిగ అన్నం దాకా తినిపించాలి. ఆగేది పది నిమిషాలు. పప్పులోకి వచ్చేసరికే బండి కదిలింది. నేను కేకపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను వారించి, “తినేవాళ్ళను కంగారు పెట్టకూడదు” అన్నారు.

రాయనపాడు పోయింది. కొండపల్లి పోయింది. అప్పుడు టీటీఈ వచ్చాడు. పెదనాన్నగారు ఎంతో వినయంగా రెండు ప్లాట్‌ఫారం టికెట్లు తీసి ఇచ్చి, అవి రెండు గంటలు చెల్లుతాయని, ఇంకా గంటైనా కాలేదని మనవి చేశారు. ఆ వాదన టీటీఈ తన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ విని ఉండడు. చార్జీ గాక, ఒక్కొక్కరికి అపరాధం కనీసం 250 రూపాయలు అన్నాడు. తరువాత మా అవస్థ చూసి జాలిపడి, “అబ్బాయికి పన్నెండు నిండలేదు కదా, అర టికెట్టు వేస్తాను” అని దారి చూపించాడు. పెదనాన్నగారు నావైపు గర్వంగా చూసి, “నిన్ననే నిండాయండీ, పాయసం కూడా చేశాము” అన్నారు.

ఆయన జేబులో ఉన్నవి అరవై రెండు రూపాయలు. సొమ్ము ఆ అరవ అబ్బాయి కట్టాడు. రశీదు వ్రాసిన టీటీఈ, విధుల్లో ఉండి తినకూడదంటూ పులిహోర నిరాకరించాడు గాని, ఆవకాయ ఇంట్లో పెట్టినదేనా అని రెండుసార్లు అడిగాడు.

జాబితాలో పేర్లు చూసి, మా వాళ్ళు ఎస్-9లో ఉన్నారని తేల్చినది కూడా ఆయనే. పెదనాన్నగారు తోడినంత వరకు తోడగా మిగిలిన దద్దోజనం, ఒక మామిడిపండు పట్టుకొని వెళ్ళారు. బెజవాడ క్యారేజీ వస్తుందన్న భరోసాతో గూడూరులో గాని, ఒంగోలులో గాని ఏమీ కొనుక్కోని అల్లుడుగారు ఆ గరిటెడు దద్దోజనాన్ని చూసిన చూపు నాకు నేటికీ గుర్తే. ఆయన అలక సుమారు పద్ధెనిమిదేళ్ళు నడిచింది. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినా, భోజనం చేసే వచ్చానని చెప్పేవారు.

ఖమ్మంలో దిగి, సాయంత్రం పాసింజరు పట్టుకొని, వంద కిలోమీటర్లు వెనక్కి వచ్చి, రాత్రి ఇల్లు చేరాము. పెద్దమ్మ మమ్మల్ని ఆసాంతం పరికించి అడిగినది ఒకటే: “క్యారేజీ ఏదండీ?” అది పెద్దమ్మ పేరు చెక్కిన క్యారేజీ. అప్పటికి అది వరంగల్లు దాటి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఆ అరవ దంపతులు దానిని బెజవాడలో అందించారు. అందించడమే వారు చేసిన పొరపాటు. ఖాళీ క్యారేజీ తీసుకోవడం ఇష్టంలేక పెదనాన్నగారు నిండుది ఇంకొకటి తీసుకొని వెళ్ళారు. దానిని తిరిగి ఇవ్వడానికి వారు మళ్ళీ రావలసి వచ్చింది. ఈ బాకీ ఏనాడూ తీరలేదు.

పెద్దకర్మనాడు ఆ దంపతులు వచ్చారు. మా మేనత్తలు ఇద్దరూ వారిని చాలాసేపు పరిశీలించి, గోత్రం అడిగి, భారద్వాజ అని తెలుసుకొని, నూజివీడు వైపు చుట్టాలని నిర్ధారించారు. నేను దిద్దబోలేదు. బంతిలో ఆ అరవాయన ఆకు పక్కన ఆకు అల్లుడుగారికి పడింది. పులిహోర వచ్చేసరికి, ఎస్-6 ప్రస్తావన వచ్చేసరికి, అల్లుడుగారి చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

“అయితే ఆ రోజు నా వాటా తిన్నది మీరా?” అన్నారు.

ఆ అరవాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత వడ్డన చేస్తున్న కుర్రవాణ్ణి పిలిచి, అల్లుడుగారి ఆకు చూపించి, పెదనాన్నగారి దగ్గర నేర్చుకున్న తెలుగులో అన్నాడు: “ఇక్కడ మారు వెయ్యి నాయనా. మొహమాటపడుతున్నారు.”