పరుగు ఉద్యోగ నోటిఫికేషన్ కోసమేనా?

"ఈ కాలం పిల్లలు ఒళ్లు వంచరు, ఫోన్ వదలరు" అనే మాట వినీ వినీ విసుగొచ్చింది. శ్రీకాకుళంలో ఐదు గంటలకే లేచి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ వైపు వెళ్లి చూడండి. పల్లెల్లో అయితే గ్రౌండ్ కూడా ఉండదు, తారురోడ్డు మీదే చీకట్లో పరిగెడతారు. బద్ధకం ఉన్నవాళ్లు చేసే పనేనా అది?

ఎందుకు పరిగెడుతున్నావని అడిగితే మాత్రం ఎక్కువమంది జవాబు ఒకటే. ఆర్మీ, లేదంటే కానిస్టేబుల్. కానిస్టేబుల్ సెలెక్షన్లో 1600 మీటర్లు మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఆర్మీలో అగ్నివీర్‌గా చేరాలంటే ఇంచుమించు అంతే దూరం ఐదున్నర నిమిషాల్లో కొడితే పూర్తి మార్కులు. వలసలు తప్ప వేరే దారి కనబడని జిల్లాలో ఈ ఆశ చిన్నదేం కాదు. కానీ వయసు దాటిందో, సెలెక్షన్ పోయిందో, ఆ రోజుతో బూట్లు మూలన పడతాయి. వాడికి పరుగంటే పరీక్ష. పరీక్ష అయిపోయాక ఎవరు చదువుతారు?

ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే సైకాలజిస్టులు ఈ విషయం మీద దశాబ్దాలు పనిచేశారు. మనిషి ఏ పనిలోనైనా నిలబడాలంటే మూడు కావాలంటారు వాళ్లు: అది తన ఇష్టంతో ఎంచుకున్నదై ఉండాలి, తనకు చేతనవుతోందన్న నమ్మకం కలగాలి, పక్కన తనవాళ్లు ఉండాలి. నేను పాఠం చెప్పే పిల్లల్లో మూడోదానికే బలం ఎక్కువ. "రారా, టీములో ఒకడు తక్కువయ్యాడు" అని ఫ్రెండ్ పిలిస్తే వాలీబాల్ కోర్టుకి పరిగెత్తుకొస్తాడు. ఆరోగ్యం గురించి గంట ఉపన్యాసం ఇచ్చినా కదలనివాడే ఆ ఒక్క పిలుపుకి కదులుతాడు.

ఆడపిల్లలకి ఆ పిలుపే రాదు. నాకు అసలు బాధ ఇక్కడే. "పరిగెడితే అందరూ చూస్తారు మేడమ్" అంటారు. సాయంత్రం క్లాసు అవ్వగానే బస్సుకి ఉరకాలి, అది తప్పితే ఇంటికెళ్లేసరికి చీకటి పడుతుంది, ఇంట్లో టెన్షన్. గేమ్స్ రూమ్ తాళం ఎవరి దగ్గరుందో కూడా చాలామందికి తెలీదు. అంతకుముందు ఇంటర్ రెండేళ్లూ గ్రౌండే లేని రెసిడెన్షియల్ భవనాల్లో గడిపి వచ్చినవాళ్లు వీళ్లలో ఎంతమందో! బంతి పట్టుకుని ఎన్నాళ్లయిందని అడిగితే నవ్వి ఊరుకుంటారు.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడ పిల్ల మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. కొండవెలగాడలో ఆడపిల్ల బరువులెత్తితే ఎవరూ వింతగా చూడరు, అక్కలు ఎత్తడం చూస్తూనే చెల్లెళ్లు పెరుగుతారు. ఆ వాతావరణం మన కాలేజీల్లో ఎందుకు లేదు? ఊళ్ల పేర్లు చెప్పుకుని గర్వపడేవాళ్లం, సొంత పిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుంటే మాత్రం "జనాలు ఏమనుకుంటారు" అంటాం.

పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకి పాతిక నిమిషాలు కూడా కాదు. జూన్ 21న యోగా దినం ఫొటోలు దిగితే ఆ లెక్క తీరదు.

ఆటల గంట టైమ్‌టేబుల్లోనే ఉండాలి, అదీ బస్సు టైముకి ముందే. అటెండెన్స్ పెట్టొద్దు, మార్కులు అసలే వద్దు. పెట్టారంటే ఇదీ ఇంకో పరీక్ష అయిపోతుంది. షటిలో, త్రోబాలో, ఊరికే నడకో, పిల్లలే ఎంచుకోనివ్వండి. ఆడపిల్లలకి వేరుగా ఒక కోర్టు ఇవ్వండి, తాళంచెవి వాళ్లలోనే ఒకరికి అప్పగించండి. వచ్చే సెమిస్టర్ టైమ్‌టేబుల్ మీటింగులో ఇవే అడగబోతున్నాను. జిల్లాలో మిగతా కాలేజీల లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీరూ అడగండి.