మాయా కట్టడాలు ఎవరివి?

మధ్య అమెరికా ప్రాంతపు ప్రాచీన జాతి అయిన మాయా ప్రజల పిరమిడ్ల ఫొటోలతో పాటు ఒక వాదాన్ని ఎంతోమంది పంచుకుంటున్నారు. ఇనుప పనిముట్లు, బండ్లు లేని జాతికి ఇంతటి నిర్మాణాలు అసాధ్యమని, వాటి వెనుక గ్రహాంతరవాసులు ఉండాలని, పాకల్ రాజు సమాధి మీది బొమ్మ రాకెట్‌దేనని, ఆ ప్రజలు ఆనవాలు లేకుండా అదృశ్యమయ్యారని దాని సారాంశం.

ఇనుము లేదన్న మాట నిజమే గానీ, దాని నుంచి తీసిన నిర్ధారణ తప్పు. అక్కడి సున్నపురాయి గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి, దాన్ని చెక్కడానికి చెకుముకి రాతి పనిముట్లు సరిపోయేవి. పైగా పిరమిడ్ అంతా చెక్కిన రాయి కాదు. లోపల రాళ్లూ మట్టీ నింపి, బయట మాత్రమే చెక్కిన రాళ్లు పేర్చి, సున్నపురాయిని కాల్చి చేసిన గచ్చు పూసేవారు. బరువులు లాగే పశువులు లేనందువల్ల మోతంతా మనుషులదే.

ఒక్కో కట్టడం తరతరాలుగా పెరిగిందన్నది ఇంకా బలమైన సాక్ష్యం. హోండురాస్‌లోని కోపాన్‌లో 16వ నంబరు పిరమిడ్‌లోకి సొరంగాలు తవ్వినప్పుడు, 1989లో పురావస్తు శాస్త్రవేత్త రికార్డో అగుర్సియాకు రోసలీలా అనే పాత ఆలయం రంగులతో, గచ్చు శిల్పాలతో సహా దాదాపు చెక్కుచెదరకుండా కనిపించింది. దాని కింద అంతకంటే పాత కట్టడాలున్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నవి క్రీ.శ. 426లో అధికారానికి వచ్చిన వంశస్థాపకుడు యాష్ కుక్ మో కాలానివి. పాతదాన్ని పూడ్చి దానిపైనే కొత్తది కట్టే ఈ పద్ధతి, ఒకే చోటును శతాబ్దాల పాటు పవిత్రంగా భావించిన సమాజానిదే తప్ప, ఎక్కడి నుంచో వచ్చి వెళ్లిన అతిథులది కాదు.

మెక్సికోలోని పాలెంకే నగరంలో 1952లో తెరిచిన పాకల్ సమాధి మూతపై ఉన్నది రాకెట్ కాదు, మాయా నమ్మకాల్లో లోకాలను కలిపే విశ్వవృక్షం, పాతాళపు నోటి నుంచి పైకి లేచినట్టుగా. అదే నగరంలోని శిలువ ఆలయ ఫలకంపైనా ఇలాంటి చెట్టే ఉంది. మూత అంచున పాకల్ జనన మరణ తేదీలు కూడా చెక్కి ఉన్నాయి.

సామాన్యుల ఇళ్లను ఈ వాదం అసలు పట్టించుకోదు. ఎల్ సాల్వడార్‌లోని హోయా దె సెరేన్ గ్రామం క్రీ.శ. 600 ప్రాంతంలో అగ్నిపర్వత బూడిద కింద కూరుకుపోవడంతో, అక్కడి తడిక గోడలూ గడ్డి కప్పుల ఆనవాళ్లూ, ఆవిరిస్నానపు గది కూడా మిగిలాయి. మెక్సికోలోని యుకతాన్ ప్రాంతపు ఉష్మాల్ నగరంలో రాతి భవనపు ద్వారాలపై అటువంటి గడ్డి కప్పు గుడిసెలనే శిల్పులు చెక్కారు.

మాయా దక్షిణ నగరాలు 9వ శతాబ్దంలో ఖాళీ అయిన మాట వాస్తవం. అయినా నోహ్‌పెతేన్ అనే మాయా రాజధాని 1697 దాకా స్పానిష్ వారికి లొంగలేదు. నేటికీ లక్షలాది మంది మాయా భాషలు మాట్లాడుతున్నారు, యుకతాన్ పల్లెల్లో గడ్డి కప్పు ఇళ్లు కట్టుకుంటూనే ఉన్నారు.