బరువు తగ్గించే సూది.. చీటీ ఉంటేనే ఇవ్వాలి

బరువు తగ్గించే సూదిమందులు మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశ మార్కెట్లోకి వచ్చాయి. 2026 మార్చిలో వెగోవీలోని అసలు మందైన సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు తీరడంతో, దాన్ని తయారుచేసే దారి దేశీయ కంపెనీలకూ దొరికింది. ధర దిగేకొద్దీ కర్నూలు, కడప, అనంతపురం వీధుల్లోని మందుల షాపులన్నింటికీ ఈ సూదులు చేరతాయి. డాక్టరు చీటీ అడక్కుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టే షాపులు మన ఊళ్లలో ఉన్న సంగతి అందరికీ తెలుసు. ఈ మందు విషయంలో ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది.

మందులో మోసం లేదు. అన్నం తిన్నప్పుడు పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోనును పోలిన పెప్టైడ్, అంటే ప్రొటీన్ ముక్క లాంటి పదార్థం ఇది. ఆకలి తగ్గిస్తుంది, తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలుపుతుంది. సెమాగ్లుటైడ్ పరీక్షల్లో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో బతుకీడుస్తున్న భారీకాయులకు ఇది చిన్న మేలు కాదు. వాళ్లను ‘నోరు కట్టుకోలేవా’ అని ఎత్తిపొడిచేవాళ్లు ఇకనైనా మానుకోవాలి.

మా భయమంతా డాక్టరు చూపు లేని వాడకం గురించే. వికారం, వాంతులు, విరేచనాలు మొదట్లో చాలామందికి వస్తాయి. అందుకే సెమాగ్లుటైడ్‌ను వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు కొంచెం కొంచెంగా పెంచుతారు. తొందరపడి పెద్ద మోతాదు పొడిపించుకుంటే, మే నెల ఎండలో వాంతులతో ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతినవచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రో, ఇన్సులినో వాడేవారికి షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు; పాత మందు ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి. క్లోమం వాపు, పిత్తాశయంలో రాళ్ల ముప్పూ ఉంది. తెరిపిలేని కడుపునొప్పిని గ్యాస్ అనుకుని ఊరుకోకూడదు. గర్భిణులకు, మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ కేన్సర్ తమకు గానీ వంశంలో గానీ ఉన్నవారికి ఈ మందు పనికిరాదు. కొవ్వుతో పాటు కండ కూడా తగ్గుతుంది కాబట్టి సంగటి ముద్ద చిన్నదైనా పప్పు, గుడ్డు తగ్గకూడదు.

పెళ్లికి ముందు నాలుగు కిలోలు తగ్గాలనుకునే పిల్లలకు ఇది మందే కాదు. ఆపేసిన ఏడాదిలో, పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు అధ్యయనంలో తేలింది.

ఇంకొకటి, మన ఎండ. ఈ మందు నింపి వచ్చే సూది పెన్నును, వాడకముందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కొద్ది రోజులు బయట పెట్టినా 30 డిగ్రీలు దాటకూడదు. సీమ వేసవి 40 దాటుతుంది. బస్సు పార్శిల్లో మగ్గిన పెన్ను పనిచేస్తుందో లేదో చూసి కనిపెట్టలేం. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్రతో ఆన్‌లైన్‌లో దొరికే పెప్టైడ్ పొడి సీసాలను అసలు ముట్టుకోకూడదు.

ఔషధ తనిఖీ అధికారులు ఎండలు ముదరకముందే షాపుల్లో చీటీలు, బిల్లులు, ఫ్రిజ్‌లు తనిఖీ చేయాలి. జిమ్ముల్లో, బ్యూటీ క్లినిక్‌లలో అమ్మకం కనబడితే కేసు పెట్టాలి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ వారానికి ఒక్కరోజైనా ఊబకాయానికి విడిగా ఓపీ నడపాలి. డాక్టరు ఫీజు కట్టలేనివాళ్లు సలహా కోసం మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడే పరిస్థితి అప్పుడే తప్పుతుంది.