సంతకం తెలుగులో, సిద్ధాంత గ్రంథం ఇంగ్లిష్‌లో

జిల్లా ఎడిషన్లలో ఆ వార్త తరచూ వస్తుంది. ఫలానా వర్సిటీ ముగ్గురికి పీహెచ్‌డీ ప్రకటించింది. ఒకరిది గర్భిణుల రక్తహీనత, ఒకరిది భాషా బోధన, ఇంకొకరిది మొక్కల తెగుళ్లు. గైడ్ పేరుంటుంది, శాలువాతో ఫొటో ఉంటుంది. ఇంతకీ ఏం తేల్చారన్నది ఒక్క ముక్క ఉండదు.

విలేకరిని తప్పుపట్టలేం. థీసిస్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధ్‌గంగలోకి చేరుతుంది. అక్కడ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఎవరైనా అంటే, ఇంగ్లిష్ వచ్చినవాళ్లు.

ఒక్కసారి ఆ పరిశోధన మొదలైన చోటికి వెళ్లండి. గర్భిణి వేలికి సూది గుచ్చి చుక్క రక్తం తీసుకునే ముందు ఆమెకు ఒక అంగీకార పత్రం ఇస్తారు. అది ఆమెకు అర్థమయ్యే భాషలోనే ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి తెలుగులోకి మారుస్తారు, ఆమె చదివో వినో సంతకమో వేలిముద్రో వేస్తుంది. ఐరన్ మాత్ర వేసుకుంటున్నారా, టీ ఎప్పుడు తాగుతారు అనే ప్రశ్నలూ తెలుగులోనే అడుగుతారు. అడిగేటప్పుడు వచ్చిన తెలుగు, జవాబు చెప్పాల్సి వచ్చేసరికి ఎందుకు రాదు?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మాత్రతో పాటే టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదన్న చిన్న మాట కూడా ఇంటింటికీ చేరాల్సిన పరిస్థితి ఇది. వేరుశనగ రైతుదీ అదే కథ. మొదలు దగ్గర తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనిపించిన మొక్కను పరిశోధకులు పీకి కవర్లో వేసుకెళ్తారు. మూడు నాలుగేళ్ల తర్వాత అది ఒక లాటిన్ పేరుతో గ్రంథంలో తేలుతుంది. భాషా బోధన థీసిస్‌లోనూ అంతే. ‘అమ్మ’ చదివి, ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోయిన పిల్లాడి తప్పులు పట్టికలో చేరతాయి, వాడి టీచర్‌కు మాత్రం చేరవు.

సాంబ మసూరి 1986లో బాపట్ల నుంచి విడుదలై, తెలుగు రాని చోట్లకూ వెళ్లింది. విత్తనం నోరు విప్పక్కర్లేదు, పొలంలో మొలిచి చూపిస్తుంది. సలహా అలా మొలవదు. ఎవరో ఒకరు వాళ్ల మాటల్లో చెప్పాలి.

శాస్త్రానికి ఇంగ్లిషే దారి, తెలుగులో పదాలు లేవు, స్కాలర్‌కు ఇప్పటికే బోలెడు టెన్షన్ అంటారు. థీసిస్ మొత్తం తెలుగులో రాయమని నేను అనడం లేదు. తేల్చింది ఏమిటో తెలుగులో నాలుగు పేజీలు చాలు. పదాలంటారా, ఊళ్లో ఆరోగ్య సేవలందించే ఏఎన్ఎంలూ రైతులూ రోజూ వాడుతున్నవే ఉన్నాయి.

ఇది పీహెచ్‌డీలతో ఆగే సంగతి కూడా కాదు. కొత్తగా తెలిసిన విషయం తెలుగులో మొదటిసారి రాసే అలవాటే మనకు పోతోంది. పాటకూ సభకూ తెలుగు, తెలుసుకోవడానికి ఇంగ్లిష్ అని పంచేసుకున్నాం. అలా పంచుకున్న ఇంట్లో పిల్లలు తెలుగు మీడియం చదువును ఎందుకు గౌరవిస్తారు?

పీహెచ్‌డీ వైవా, అంటే చివరి మౌఖిక పరీక్ష, ఓపెన్‌గా జరగాలని యూజీసీ ఏనాడో చెప్పింది. ఆ రోజు మొదటి పావుగంట స్కాలర్ తన ఫలితాన్ని తెలుగులో చెప్పాలి. ముందు వరసలో రక్తమిచ్చిన ఊరి ఏఎన్ఎం, ఆ బడి టీచర్, మొక్క ఇచ్చిన రైతు కూర్చోవాలి. మొదటి ప్రశ్న వాళ్లే అడగాలి.